జువైనల్ హోమ్‌లో పిల్లాడు చనిపోతే సమీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి?

తనిఖీ_సభ్యురాలు:

జువైనల్ జస్టిస్ (జేజే) చట్టం సెక్షన్ 54 కింద వేసిన జిల్లా తనిఖీ కమిటీలో సభ్యురాలిని. అబ్జర్వేషన్ హోమ్ (కేసు విచారణలో ఉండగా ఉంచేది), స్పెషల్ హోమ్ (నేరం తేలాక ఉంచేది), ప్లేస్ ఆఫ్ సేఫ్టీ (హేయమైన నేరాల కేసుల్లో పెద్ద వయసు పిల్లల్ని విడిగా ఉంచేది) మూడింటికీ పనికొచ్చేలా మరణ సమీక్ష పద్ధతి ఒకటి రాసి జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కు ఇవ్వాలని మా కమిటీ అనుకుంటోంది. పడకలు, వంటగది, మరుగుదొడ్లు చూడ్డానికి చెక్‌లిస్టులు ఉన్నాయి. పిల్లాడు చనిపోతే ఏం చూడాలన్నదానికి మేమే కొత్తగా రాసుకోవాలి.

మొదటి 24 గంటల్లో ఎవరు ఏం చెయ్యాలి? డాక్టరు ‘సహజ మరణం’ అని రాసిచ్చాక కూడా సమీక్ష చెయ్యాలా? ఆత్మహత్యల్ని ఆపడానికి హోమ్‌లో నిజంగా మార్చాల్సినవి ఏవి? సెక్షన్లు, టైములు, కొలతలు ఉంటే ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. జవాబులు నేరుగా మా కాగితంలోకి వెళ్తాయి.

బాలల_చట్టం_వకీలు:

మేడమ్, ఒకటి మొదటి పేజీలోనే రాసుకోండి. మరణం తర్వాత మూడు విచారణలు పక్కపక్కనే నడుస్తాయి. నేరం జరిగిందా అన్నది పోలీసులు, మేజిస్ట్రేట్ తేలుస్తారు. ఉద్యోగి విధి తప్పాడా అన్నది శాఖ తేలుస్తుంది. మీది ఈ రెండూ కాదు. ఆ పిల్లాడికీ ఆ చావుకీ మధ్యలో ఎవరెవరు అడ్డుపడగలిగే వీలుంది, ఎందుకు పడలేకపోయారు అన్నదే మీ సమీక్ష. మూడింటినీ ఒకే ఫైల్లో కలిపితే సిబ్బంది నోరు విప్పరు. సస్పెన్షన్ ఆర్డర్ రాగానే ఫైలు మూతపడుతుంది. కేర్‌టేకర్ మారతాడు గానీ ఆ తలుపూ ఆ తాళమూ అక్కడే ఉంటాయి.

ఇక మొదటి రోజు. పిల్లాడు కదలకుండా కనిపిస్తే హోమ్ సిబ్బంది చూసి ‘పోయాడు’ అని తేల్చుకోకూడదు. 108కి ఫోన్ చేసి, డాక్టరు చెప్పేదాకా సీపీఆర్ ఆపకూడదు. మరణం ఖాయమయ్యాక సూపరింటెండెంట్ రాతపూర్వకంగా తెలపాల్సినవాళ్లు: ఆ పరిధి పోలీస్ స్టేషన్, మేజిస్ట్రేట్, జువైనల్ జస్టిస్ బోర్డు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్, తల్లిదండ్రులు. ప్రతి ఫోనూ ఏ గంటకు ఎవరు చేశారో, అవతల ఎవరు ఎత్తారో రాయాలి. తల్లిదండ్రులకు కబురు ఆఖర్న కాదు, మొదట వెళ్లాలి. హోమ్‌లో చేరిన 24 గంటల్లోపే చనిపోతే జేజే నియమాలు దాన్ని విడిగా చెబుతున్నాయి. అలాంటప్పుడు పోలీసుల దగ్గర గడిపిన గంటలు కూడా మీ సమీక్షలోకి రావాలి.

కస్టడీ మరణమైతే మేజిస్ట్రేట్ విచారణ పాత సీఆర్‌పీసీలో 176(1ఎ) కింద జరిగేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 196(2)లో ఉంది. ‘ఈ సంహిత కింద కోర్టు అనుమతించిన కస్టడీ’ అన్న మాట పట్టుకుని, హోమ్ కస్టడీ జేజే చట్టం కిందది కాబట్టి ఇది వర్తించదని వాదించేవాళ్లు ఉంటారు. ఆ వాదన మీద రోజులు పోగొట్టుకోవద్దు. జేజే నియమాలే విడిగా శవ పంచనామా, పోస్ట్‌మార్టం జరగాలంటున్నాయి. మేజిస్ట్రేట్ విచారణ కోరుతూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆ రోజే అర్జీ పెట్టించండి. పిల్లాణ్ని ఆ హోమ్‌కు పంపిన ఉత్తర్వు మీద సంతకం చేసిన మేజిస్ట్రేటే ఈ విచారణ చేయకపోతే మంచిదని నా అభిప్రాయం. 196 కింద విచారణ జరిగితే వీలైనంతవరకు దగ్గరి బంధువులకు తెలియజేసి, హాజరు కానివ్వాలి.

పోస్ట్‌మార్టం రాత్రికి రాత్రి ముగించే తొందర ఉంటుంది. సూర్యాస్తమయం తర్వాత చేయడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబర్‌లో అనుమతిచ్చిన మాట నిజమే. కానీ ఆత్మహత్య, హత్య, అనుమానాస్పద మరణాల్ని, శాంతిభద్రతల ఇబ్బంది ఉంటే తప్ప, ఆ అనుమతి నుంచి మినహాయించారు. కస్టడీ మరణాల పోస్ట్‌మార్టం వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995 ఆగస్టు 10నే రాష్ట్రాలకు రాసింది. 1997లో నమూనా ఫారం కూడా ఇచ్చింది. ఆ ఫారంలో చేయమని రాతపూర్వకంగా అడగండి.

సాక్ష్యాల్లో ముందుగా పోయేది సీసీటీవీ. హోమ్‌లలో పెట్టే డీవీఆర్‌లు (కెమెరా వీడియో దాచే పెట్టెలు) మామూలుగా 15 నుంచి 30 రోజుల్లో పాత వీడియో మీదే కొత్తది రాసేస్తాయి. నోటీసు, రిమైండర్ అంటూ కూర్చుంటే నెల తిరిగేసరికి ఏమీ మిగలదు. అదే రోజు హార్డ్ డిస్క్ తీయించి సీల్ చేయించాలి. హ్యాష్ విలువ (వీడియో మార్చలేదని చూపించే డిజిటల్ గుర్తు) రాయించి, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం తీసుకోవాలి. తెర మీద కనిపించే టైముకూ అసలు టైముకూ ఎన్ని నిమిషాల తేడా ఉందో చూసి రాసుకోండి. పది నిమిషాల తేడా ఉన్నా చివరిసారి ఎవరు చూశారన్న లెక్క మొత్తం తారుమారవుతుంది.

రిజిస్టర్లలో చివరి ఎంట్రీ కింద అడ్డగీత గీసి, తేదీ, గంట వేసి సంతకం చేయండి. తర్వాత ఇరికించే చోటు ఉండదు. రాత్రి రౌండ్ల రిజిస్టర్‌ను పట్టుకు చూడండి. 10:00, 11:00, 12:00, 1:00 అని సున్నాలతో, ఒకే ఇంకులో, ఒకే ఒత్తిడితో, అక్షరం ఒకే వాలుతో ఉంటే అది ఒక్క కూర్చోవడంలో రాసిన పేజీ. నిజంగా తిరిగినవాడి టైములు 10:07, 10:52, 11:40 అని ఎగుడుదిగుడుగా ఉంటాయి. అలాంటి పేజీ దొరికిందని ఆ ఉద్యోగి మీదే ఆగిపోవద్దు. ఆ నెల మొత్తం తిప్పండి. అన్ని రాత్రులూ, అందరి చేతా అలాగే ఉంటే అక్కడ రౌండ్లు అనే పనే లేదు. ఉన్నది కాగితం ఒక్కటే.

పిల్లల_డాక్టర్:

‘సహజ మరణం’ దగ్గర నన్ను కొంచెం ఎక్కువ రాయనివ్వండి. ఎక్కువ ఫైళ్లు మూతపడేది ఆ రెండు మాటల కిందే.

జైళ్లలో అమానవీయ పరిస్థితుల కేసులో సుప్రీంకోర్టు 2017 సెప్టెంబర్ 15న తీర్పిస్తూ ఇదే ప్రశ్న వేసింది. సరైన వైద్యం అందక చనిపోతే అది సహజమా, అసహజమా? అదే తీర్పులో హోమ్‌లలో పిల్లల అసహజ మరణాల లెక్క తీసే పద్ధతి ఏర్పాటు చెయ్యమని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖకు చెప్పింది. కాబట్టి మీ పద్ధతిలో విభజన వద్దు. ప్రతి మరణమూ సమీక్షకు రావాలి. ఆస్పత్రిలో పోయినా, ఆస్పత్రి మంచం మీద ఉండగా హడావిడిగా బెయిల్ కాగితం ఇచ్చి ‘విడుదల’ చేసినా, అది హోమ్ మరణమే. అనారోగ్యం మొదలైనప్పుడు ఎవరి సంరక్షణలో ఉన్నాడన్నదే చూడాల్సింది.

పదహారేళ్ల పిల్లాడు జబ్బుతో హఠాత్తుగా పోయాడంటే నేను వెతికేవి ఇవి.

మొదటిది, మానేసిన మత్తు. చేరినప్పుడు ‘అలవాట్లు: ఏమీ లేవు’ అని రాసేస్తారు. తెలంగాణలో కొన్ని చోట్ల కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగే పిల్లాడికి అది ఒక్కసారి ఆగితే ఒకటి రెండు రోజుల్లో వణుకు, నిద్రలేమి, పిచ్చిచూపులు, ఆపైన ఫిట్స్. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ వైపు ఆస్పత్రులకు వచ్చిన పెద్దవాళ్లలో కనిపించినవి ఇవే లక్షణాలు. మద్యమైతే ఫిట్స్ 6 నుంచి 48 గంటల్లో, డెలీరియం (స్పృహ తప్పిన అయోమయం) రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు వస్తాయి. చట్టం ప్రకారం పట్టుకున్న 24 గంటల్లో బోర్డు ముందు పెడతారు, ఆ సాయంత్రం హోమ్‌కు వస్తాడు. అంటే ప్రమాదపు గంటలు సరిగ్గా హోమ్‌లో మొదటి, రెండో రాత్రి మీద పడతాయి. అందుకని రిజిస్టర్‌లో చేరిన గంట ఒక్కటే చాలదు, చివరిసారి తాగిన గంట కూడా రాయాలి. ‘మత్తు పదార్థాలు వాడతావా’ అని అడిగితే లేదంటాడు. ‘కల్లు తాగుతావా? ఏ కాంపౌండ్‌లో? తాగని రోజు చేతులు వణుకుతాయా?’ అని అడగండి, చెబుతాడు. వణుకు ఉంటే బెదిరింపులు కాదు, ఆ రాత్రే ఆస్పత్రి.

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లల సంగతి వేరు. అందులోని ద్రావకాలు గుండెను అడ్రినలిన్‌కు అతి సున్నితంగా చేస్తాయి. పీల్చిన కాసేపటికే తరిమినా, కొట్టినా, గుండె లయ తప్పి అక్కడికక్కడే కూలిపోవచ్చు. బట్టల్లోంచి ఆ వాసన వస్తున్న పిల్లాణ్ని వెంటపడి పట్టుకోవడం, అరవడం చెయ్యకూడదు. నెమ్మదిగా కూర్చోబెట్టాలి.

రెండోది, దెబ్బలు. చేరిన రోజే, 24 గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి. ‘ఫిట్’ అన్న ఒక్క మాటతో వచ్చే స్లిప్పుకు విలువ లేదు. శరీరం బొమ్మ గీసిన కాగితం మీద ముందూ వెనకా గుర్తులు పెట్టించండి. అరికాళ్లు, పిరుదులు, తొడల వెనక భాగం తప్పనిసరి. కండ మీద బాగా దెబ్బలు పడితే కండ చితికి అందులోని పదార్థం కిడ్నీల్లో అడ్డుపడుతుంది. బయట కమిలిన మచ్చ కొద్దిగానే ఉన్నా, రెండో రోజుకు మూత్రం డికాషన్ రంగులోకి వస్తుంది, తగ్గిపోతుంది. మూత్రం రంగు అడగడానికి ఖర్చేమీ లేదు, మూడు రోజులు అడగండి. తలకు దెబ్బ తగిలినవాడు మాట్లాడుతూ బాగానే ఉండి, కొన్ని గంటలకు వాంతులు, మత్తు మొదలైతే అది ‘నటన’ కాదు, పుర్రె లోపల రక్తస్రావం కావచ్చు. నటిస్తున్నాడన్న మాట ఏ రిజిస్టర్‌లో కనబడినా మీ సమీక్షలో ఎర్ర గుర్తు పెట్టండి.

మూడోది, ముందే ఉన్న జబ్బు. పాడేరు, రంపచోడవరం, ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు నుంచి వచ్చే గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) తప్పకుండా చూడాలి. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం కలిసి వస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు తక్కువ తాగడం, చలి, ఎండలో పరుగులు, గుంజీలు ఆ పిల్లలకు శిక్ష కాదు, ప్రమాదం. ఫిట్స్ మందులు, ఇన్సులిన్, ఇన్‌హేలర్ పోలీస్ స్టేషన్‌లో తీసేసుకున్న సంచిలో ఉండిపోతాయి. రెండు పూటలు మందు పడకపోతే చాలు. ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో కాదు, పిల్లాడి దగ్గరే ఉండాలి. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే 108.

ఈ మూడూ చూశాక మరణ కారణం దగ్గర ‘గుండె ఆగి’ అని రాసుంటే ఒప్పుకోవద్దు. ఎవరైనా గుండె ఆగే పోతారు. ఎందుకు ఆగిందో రాయాలి.

ఫోరెన్సిక్_విభాగం:

డాక్టర్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. విసెరా (పోస్ట్‌మార్టంలో తీసిన లోపలి అవయవాల ముక్కలు) పంపితే ల్యాబ్ అన్నీ చూస్తుందనుకోవడం పొరపాటు. దేనికోసం వెతకాలో లేఖలో రాయకపోతే మామూలు విషాల పరీక్ష చేసి ‘లేవు’ అని పంపుతారు. కల్లు అలవాటు ఉంటే బెంజోడయాజిపిన్లు (అల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటివి), క్లోరల్ హైడ్రేట్ అని పేరు పెట్టి రాయాలి. వైట్‌నర్ అనుమానం ఉంటే రక్తం గాలి చొరని సీసాలో, మూతదాకా నింపి, చల్లగా పంపాలి. సగం ఖాళీ సీసాలో పంపితే దారిలోనే ఆవిరైపోతుంది.

సికిల్ సెల్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది. చనిపోయాక ఆక్సిజన్ లేక, ట్రెయిట్ (జబ్బు లేకుండా, అమ్మానాన్నల్లో ఒకరి నుంచి జన్యువు మాత్రమే వచ్చిన స్థితి) మాత్రమే ఉన్నవాళ్ల రక్తకణాలు కూడా వంకర తిరుగుతాయి. సూక్ష్మదర్శినిలో కనబడ్డాయని దాన్నే కారణంగా రాసెయ్యకూడదు, దెబ్బల మాట పక్కకు పోతుంది. పాత హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకం తేల్చే రక్తపరీక్ష) రిపోర్టు, లేకపోతే అమ్మానాన్నల పరీక్ష చూసి చెప్పాలి.

క్లినికల్_సైకాలజిస్ట్:

ఆత్మహత్యల గురించి. అమెరికాలో జువైనల్ కస్టడీలో 1995–99 మధ్య జరిగిన 79 ఆత్మహత్యలను ఒక్కొక్కటిగా పరిశీలించిన అధ్యయనం ఉంది. మన హోమ్‌లు వేరే, అయినా మూడు సంగతులు మనకూ పనికొస్తాయి. సుమారు సగం మరణాలు పిల్లాణ్ని గదిలో విడిగా పెట్టినప్పుడు జరిగాయి. సగం సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి లోపు జరిగాయి. చేరిన తొలి 24 గంటల్లో జరిగినవి నూటికి 4 కన్నా తక్కువ. అంటే చేరిన రోజు ప్రశ్నలు అడిగి, పెట్టెలో టిక్ పెట్టి ఊరుకుంటే లాభం లేదు. రాత్రి రౌండ్లు పదింటికి మొదలుపెడితే, ప్రమాదం ఉన్న గంటల్లో మూడింట రెండు వంతులు అప్పటికే గడిచిపోయి ఉంటాయి.

అందుకని ప్రశ్నలు మళ్లీ అడగాల్సిన రోజుల జాబితా గోడకు కట్టండి. బెయిల్ తిరస్కరించిన రోజు. 16–18 ఏళ్ల పిల్లాడి మీద హేయమైన (heinous) నేరం కేసులో సెక్షన్ 15 ప్రాథమిక అంచనా (పెద్దవాడిలా విచారించాలా అన్నది తేల్చడం) అయ్యి, కేసు చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లిందని తెలిసిన రోజు. వస్తామన్న ఇంటివాళ్లు రాని ములాఖత్ రోజు. పారిపోయి పట్టుబడి తిరిగొచ్చిన రాత్రి. తోటి పిల్లల చేతిలో దెబ్బలు తిన్నప్పుడు, లైంగిక వేధింపు జరిగినప్పుడు. పరీక్షా ఫలితాలు, దసరా, సంక్రాంతి. హోమ్ నుంచి ప్లేస్ ఆఫ్ సేఫ్టీకి మార్చే ముందు రోజు. కోర్టు నుంచి తిరిగొచ్చిన పిల్లాణ్ని ఎస్కార్ట్ పోలీసు గేటు దగ్గర సంతకం పెట్టించి వెళ్లిపోతాడు. కోర్టులో ఏం జరిగిందో హోమ్‌లో ఎవరికీ తెలియదు. ఎస్కార్ట్ స్లిప్పులో ‘ఈ రోజు ఏమైంది, పిల్లాడు ఎలా ఉన్నాడు’ అని రెండు గళ్లు పెంచితే ఆ ఖాళీ పూడుతుంది.

అడగడం నేరుగా అడగాలి. ‘బతకాలని లేదు అనిపించిందా? చచ్చిపోవాలని అనుకున్నావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? ఇప్పుడు ఆ ఆలోచన ఉందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టదు. ‘పిచ్చి పనులు చెయ్యవు కదా?’ అని అడిగితే మాత్రం, అడిగినవాళ్లు వినాలనుకుంటున్న జవాబేదో పిల్లాడికి అర్థమైపోతుంది. నాలుగో ప్రశ్నకు అవునంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు, సైకియాట్రిస్ట్ చూసేదాకా చేతికందే దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి. ముందు మూడింటిలో ఏదైనా అవునంటే, గరిష్ఠంగా 15 నిమిషాలకోసారి, ముందుగా ఊహించలేని టైముల్లో చూడాలి. చూడటమంటే కిటికీలోంచి టార్చ్ వెయ్యడం కాదు, ఊపిరి కదలిక చూడాలి. మెలకువగా ఉంటే ఒక మాట మాట్లాడాలి.

విడి గదిలో పెట్టడం రక్షణ అనుకుంటారు. అది పని చెయ్యదు, ఉల్టా. బట్టలు విప్పించి, దుప్పటి లాక్కుని, ఖాళీ గదిలో కూర్చోబెడితే చెప్పుకున్నందుకు శిక్ష పడిందనుకుంటాడు. అది చూసిన మిగతా పిల్లలు ఇక ఎప్పటికీ చెప్పరు. ‘ఏమీ చేసుకోనని రాసివ్వు’ అని సంతకం పెట్టించుకునే కాగితాలు ఆపేయండి. అవి ఏ ప్రాణాన్నీ కాపాడవు.

ఇంకొకటి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వైద్యం, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యత. కేసు పెడతామని పిల్లాణ్ని భయపెట్టడం కుదరదు. సిబ్బందికీ పిల్లలకీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు తెలియాలి. పిల్లలు ఆ నంబరుకు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఎవరూ పక్కన నిలబడకుండా మాట్లాడే ఫోన్ ఒకటి ఉండాలి.

తనిఖీ_సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక అడ్డంకి. రాత్రి నలభై మంది పిల్లలకు ఒక కేర్‌టేకర్, గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉంటే 15 నిమిషాల చూపు ఎలా సాధ్యం? పోస్టులు నింపమని రాస్తాం, రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఏం చెయ్యమని రాయాలి?

హోమ్_నిర్వహణ_శిక్షణ:

మేడమ్, పోస్టులు వచ్చేదాకా చెయ్యగలిగినవి ఉన్నాయి, కొన్ని రేపే చెయ్యొచ్చు.

కేర్‌టేకర్ మంచం ఆఫీసు గదిలో కాకుండా డార్మిటరీ తలుపు దగ్గర వెయ్యాలి. ప్రమాదం ఉన్న పిల్లాడి పడక ఆ మంచానికి కనుచూపు మేరలో ఉండాలి. బాత్రూం వైపు చిన్న లైటు రాత్రంతా వెలగాలి. బాత్రూం తలుపు గడియ లోపల పెట్టినా బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగేది అమర్చాలి. పాత పైపులు, కొక్కేలు, కిటికీ ఊచల్లాంటి, ఉరికి ఆసరా ఇచ్చే చోట్లను తలుపు నుంచి బాత్రూం దాకా ఒక ఇంజనీరు, ఒక సైకాలజిస్ట్ కలిసి నడిచి చూసి, జాలీతోనో పలకతోనో మూయించాలి. ఒక్కడే చూస్తే సగం తప్పిపోతాయి. నమూనా నియమాల్లో డార్మిటరీకి 25 మంది, 1000 చదరపు అడుగులు, అంటే పిల్లాడికి 40. అందులో నలభై మందిని కుక్కితే కేర్‌టేకర్‌కు వెనక వరుస కనబడదు, అంతే. కాబట్టి ఎక్కువైనవాళ్ల బెయిల్ దరఖాస్తుల్ని ముందుకు జరపమని బోర్డును అడగడం కూడా మరణ నివారణే. సెక్షన్ 12 ప్రకారం బెయిల్ ఇవ్వడం మామూలు, ఆపడం మినహాయింపు.

పెద్ద పిల్లల్ని ‘లీడర్లు’గా పెట్టి కాపలా కాయించడం వద్దే వద్దు. పోస్టుల కొరతను కప్పడానికి ఇది చాలా తేలిగ్గా దొరికే దారి. చిన్న పిల్లల మీద దెబ్బలు, దోపిడీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. వయసును బట్టి విడదీయాలని సెక్షన్ 47 చెబుతోంది, పగలు విడదీసి రాత్రి కలిపేస్తే ఆ సెక్షన్ పాటించనట్టే.

తాళాలు. ఇది విడిగా రాయండి. 2017 మార్చి 8న గ్వాటెమాలాలో ప్రభుత్వ బాలల గృహంలో తాళం వేసిన గదిలో మంటలు లేచి 41 మంది అమ్మాయిలు చనిపోయారు. మీ తనిఖీ రోజు రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, స్టాప్‌వాచ్ నొక్కి, ‘లోపల పొగ వస్తోంది, తీయండి’ అనండి. తాళంచెవి ఎక్కడుంది, గుత్తిలో ఎన్ని చెవులున్నాయి, చీకట్లో సరైనది దొరకడానికి ఎంతసేపు పట్టింది చూడండి. ఊపిరి ఆగిన మనిషికి నాలుగు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. తలుపు తెరిచేసరికే మూడు నిమిషాలైతే తర్వాత చెయ్యగలిగేది తక్కువ. డార్మిటరీ చెవి డ్యూటీలో ఉన్నవాడి ఒంటి మీదే ఉండాలి, చెవికి రంగు రిబ్బన్ కట్టాలి, రెండో చెవి గేటు దగ్గర ఉండాలి. సీట్‌బెల్ట్ కోసే కొక్కెపు కత్తి ఒకటి ప్రతి రాత్రి డ్యూటీ అప్పగింతలో చేతులు మారాలి. ఉరి వేసుకున్న పిల్లాడు కనిపిస్తే బరువును పైకి పట్టి, ముడిని వదిలేసి పక్కన కోయాలి. ముడి సాక్ష్యం, పోస్ట్‌మార్టం డాక్టరుకు కావాలి. కింద పడుకోబెట్టి 30 నొక్కులు, 2 ఊపిర్లు, నిమిషానికి 100–120 వేగంతో. దీన్ని ఆరు నెలలకోసారి నేల మీద మోకాళ్లూని చేయించాలి. పుస్తకం చదివించి సంతకం తీసుకుంటే రాదు.

కొట్లాట జరిగినప్పుడు పట్టుకునే తీరు గురించి కూడా. 2004 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో రెయిన్స్‌బ్రూక్ సెక్యూర్ ట్రైనింగ్ సెంటర్‌లో ముగ్గురు సిబ్బంది కూర్చోబెట్టి వంచి పట్టుకోవడంలో ఊపిరాడక 15 ఏళ్ల పిల్లాడు చనిపోయాడు. ఊపిరాడట్లేదని చెప్పినా వదల్లేదు. అది అప్పటికి అనుమతి ఉన్న పట్టు. మరణం తర్వాతే దాన్ని ఆపేశారు. అందుకని మీ కాగితంలో ఇలా రాయండి: బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు వద్దు, మెడ మీద, ఛాతీ మీద బరువు వద్దు, కూర్చోబెట్టి ముందుకు వంచడం వద్దు. ఊపిరాడట్లేదన్న మాట వినబడగానే చేతులు తీసేయాలి, నిజమా నాటకమా అని తూకం వెయ్యడానికి అక్కడ సమయం లేదు. పట్టుకున్న ప్రతిసారీ ఎంతసేపో, ఎవరెవరో రాయాలి.

ఆత్మహత్యాయత్నం, ఆస్పత్రికి తీసుకెళ్లిన ఘటన, పారిపోవడం, ఊపిరాడలేదన్న ఫిర్యాదు వీటన్నిటికీ మరణానికి వాడే సమీక్ష ఫారమే వాడండి. ప్రాణం నిలిచిన పిల్లాడు తనకేం జరిగిందో తన నోటితో చెప్పగలడు. మరణ సమీక్షలో ఆ ఒక్క సాక్షీ ఉండడు.

బాలల_చట్టం_వకీలు:

సమీక్ష బృందం మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది కూడా. ఆ హోమ్ సూపరింటెండెంట్ సభ్యుడిగా ఉండకూడదు, సమాచారం ఇచ్చేవాడిగా మాత్రమే రావాలి. ఫోరెన్సిక్ డాక్టరు, సైకియాట్రిస్ట్, వేరే జిల్లా హోమ్ నుంచి రాత్రి డ్యూటీ తెలిసిన ఒక ఉద్యోగి, న్యాయ సేవాధికార సంస్థ ప్రతినిధి, బాలల హక్కుల కమిషన్ నుంచి ఒకరు ఉంటే చాలు. మొదట 72 గంటల కాలరేఖ గీయండి, గంట గంటకు. ఖాళీ ఉన్న గంటలే మీ ప్రశ్నలు. అదే గదిలో పడుకున్న పిల్లలతో సైకాలజిస్ట్ మాట్లాడాలి, ఖాకీ చొక్కా ఆ గదిలో ఉండకూడదు. మాట్లాడాక ఆ పిల్లల్ని సూపరింటెండెంట్ ఏమడిగాడో కూడా వారం తర్వాత వెళ్లి కనుక్కోండి.

సిఫార్సుల దగ్గర చాలా సమీక్షలు నీరుగారిపోతాయి. ‘నిఘా పెంచాలి’, ‘సిబ్బందికి అవగాహన కల్పించాలి’ అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ‘రెండో డార్మిటరీ బాత్రూం గడియ మార్చాలి, ఎవరు, ఏ తేదీ లోగా, ఏ పద్దు కింద డబ్బు’ అని రాస్తే మూడు నెలలకు వెళ్లి గడియ తిప్పి చూడొచ్చు. సెక్షన్ 54 కింద మీరు ఎలాగూ మూడు నెలలకోసారి, ముగ్గురికి తగ్గకుండా, ఒక మహిళ, ఒక వైద్యాధికారితో వెళ్లి వారంలో రిపోర్టు ఇవ్వాలి. పాత సిఫార్సుల కాగితం చేతిలో పట్టుకునే లోపలికి వెళ్లండి. అలాగే బోర్డు నెలకోసారి చేసే తనిఖీకీ దాని కాపీ పంపండి.

తనిఖీ_సభ్యురాలు:

ఆఖరి ప్రశ్న. తల్లిదండ్రుల విషయంలో సమీక్ష ఏం చూడాలి?

బాలల_చట్టం_వకీలు:

కబురు ఎవరు, ఏ మాటలతో చెప్పారో చూడండి. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేసి ‘మీవాడికి సీరియస్, రండి’ అనడం కాదు, చనిపోయాడన్న మాట ఒక బాధ్యత గల అధికారి చెప్పాలి. వాళ్లు వచ్చేదాకా మృతదేహం చూపించకుండా పోస్ట్‌మార్టానికి పంపారా, రావడానికి బండి, చార్జీలు ఎవరిచ్చారు, వాళ్లతో మాట్లాడే ఒకే మనిషి, ఒకే ఫోన్ నంబరు ఉందా? తెలంగాణలో పరమపద వాహనం, ఆంధ్రలో మహాప్రస్థానం వాహనం ప్రభుత్వాస్పత్రి నుంచి ఉచితంగా ఇంటికి చేరుస్తాయి, అడగాలని వాళ్లకు తెలియకపోతే ప్రైవేటు అంబులెన్స్‌కు అప్పు చేస్తారు. పోస్ట్‌మార్టం రిపోర్టు కాపీ, పంచనామా కాపీ, న్యాయ సహాయానికి వకీలు పేరు చేతికందాలి. పిల్లాడి పేరు, ఫొటో పత్రికలకు వెళ్లకూడదు. చనిపోయాక కూడా సెక్షన్ 74ను అలాగే పాటించండి.

చేరినప్పుడు తీసిపెట్టిన సామాన్ల రిజిస్టర్ తెరిపించి, జాబితా ప్రకారం ఒక్కొక్కటీ వాళ్ల చేతికిచ్చి సంతకం తీసుకున్నారా చూడండి. చెప్పులు, తాయత్తు, పర్సులోని పది రూపాయల నోటు దాకా. పోలీసులు సాక్ష్యంగా తీసుకున్న వస్తువైతే అది ఎప్పుడు తిరిగొస్తుందో కాగితం మీద రాసివ్వాలి.